ఎనుకముందాడటం వేరు, మనసొప్పకపోవడం వేరు

'హెజిటంట్‌లీ' అంటే 'సంకోచిస్తూ' అంటుంది నిఘంటువు. 'తటపటాయిస్తూ' అన్నా సరిపోతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో దీనికి ఇంకా చక్కని మాట ఉంది. ఎనుకముందాడుడు! ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. చేయాలో వద్దో తేల్చుకోలేని మనిషి ఆ మాటలోనే కళ్లకు కడతాడు.

ఈ ఇంగ్లిషు మాటకు మూలమైన లాటిన్ పదానికి అతుక్కుపోవడం, మాట తడబడటం అనే అర్థాలున్నాయి. ఇంటర్వ్యూలో జవాబు సరైనదో కాదోనన్న అనుమానంతో ఆగి ఆగి చెబితే 'హి ఆన్సర్డ్ హెజిటంట్‌లీ' అంటారు.

దీని పక్కనే ఉండి చాలామందిని తికమక పెట్టే మాట 'రిలక్టంట్‌లీ'. ఇది 'ఎదురుతిరిగి పెనుగులాడటం' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇక్కడ అనుమానమేమీ లేదు. మనసుకు ఇష్టం లేదు, అంతే.

ఈ జిల్లాల నుంచి దశాబ్దాలుగా ఎందరో గల్ఫ్ దేశాలకు వలసపోతున్నారు. అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. కొడుకు దుబాయి పోతానంటాడు. ఏజెంటు చెప్పిన జీతం నిజమో కాదో తెలియక తండ్రి డబ్బు కట్టడానికి వెనకాముందాడతాడు. 'ద ఫాదర్ హెజిటేటెడ్.' తల్లికి ఆ అనుమానం లేదు. పోతేగానీ అప్పు తీరదని ఆమెకు తెలుసు. అయినా పంపడానికి మనసొప్పదు. కళ్లు తుడుచుకుంటూనే బ్యాగు సర్దుతుంది. 'షీ రిలక్టంట్‌లీ ప్యాక్డ్ హిజ్ బ్యాగ్.' వివరాలు తెలిస్తే తండ్రి సంకోచం తీరిపోవచ్చు. తల్లి బాధ వివరాలతో తీరేది కాదు.

ఇంకో తేడా కూడా గమనించాలి. 'హి వాజ్ రిలక్టంట్ టు సైన్' అంటే సంతకం పెట్టడం ఇష్టం లేదని మాత్రమే. పెట్టాడో లేదో ఆ వాక్యం చెప్పదు. 'హి రిలక్టంట్‌లీ సైన్డ్' అంటే ఇష్టం లేకపోయినా పెట్టేశాడు. చివరన 'లీ' చేరేసరికి పని జరిగిపోయింది!

కాగితం మీద రెండు సంతకాలూ ఒకలాగే కనిపిస్తాయి. అందుకే చట్టాల్లో ఇలాంటి మాటలకు అంత విలువ. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ అభయారణ్యాన్ని 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు. పులుల కోసం ఊళ్లను తరలించాలంటే ఆ తరలింపు 'వాలంటరీ'గా, అంటే ఇష్టపూర్వకంగా ఉండాలని 2006లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఇష్టపూర్వకం అనే భావానికి ఎదురు నిలిచే మాట 'రిలక్టంట్'. తల ఊపిన మనిషి ఎనుకముందాడుతున్నాడా, మనసు చంపుకొని ఒప్పుకున్నాడా అన్నది అడిగి తెలుసుకోవాల్సిందే. మొదటివాడికి వివరాలు చెప్పాలి. రెండోవాడు చెప్పేది వినాలి.

'రిలక్టంట్'ను కొందరు 'నిర్లక్ష్యంగా' అనే అర్థంలో వాడేస్తుంటారు. అది తప్పు. నిర్లక్ష్యానికి 'కేర్‌లెస్', 'నెగ్లిజంట్' ఉన్నాయి. ఇక ఉత్తరాల చివర కనిపించే 'డు నాట్ హెజిటేట్ టు కాల్ మి' అంటే 'మొహమాటపడకుండా ఫోన్ చేయండి' అని. అక్కడ 'రిలక్టంట్' పనికిరాదు.

ఇంట్లో పిల్లలకు ఈ మూడూ ఇచ్చి చూడండి. ఏది ఎక్కడ పడుతుంది?

1. కొత్త బడిలో మొదటి రోజు పాప భయంభయంగా తన పేరు చెప్పింది.

2. అమ్మ గట్టిగా చెప్పడంతో బాబు ఇష్టం లేకుండానే టీవీ కట్టేశాడు.

3. కూతురి పెళ్లి ఖర్చుకు రైతు మనసు రాకపోయినా ఎడ్లను అమ్మేశాడు.

మొదటిది హెజిటంట్‌లీ. మిగతా రెండూ రిలక్టంట్‌లీ.