కొండకు టికెట్ సరే, అవ్వకు టికెట్ ఎట్ల?

యలహంకలో మన తెలుగువాళ్ల ఇండ్లల్లో ఈమధ్య ఒక మాట చానా వినిపిస్తోంది. "కొండెక్కడానికీ ఆన్‌లైన్ టికెట్టా? అడవి ఏమన్నా సినిమా హాలా?" అని. పెద్దవాళ్ల కోపం అర్థమవుతుంది. అయినా టికెట్ ఉండాల్సిందే అంటాను నేను. దాన్ని ఇచ్చే పద్ధతి మాత్రం మారాలి.

ఆరుబయట గడపడం మనకేం కొత్త కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు, జాతరకు బండ్లు కట్టుకొని పోయి అక్కడే వండుకొని, అక్కడే పడుకోవడం, ఇవన్నీ టెంట్లు రాకముందే ఉన్నవి. కానీ అప్పుడు కదిలేది ఒక ఊరు. ఇప్పుడు శనివారం రాత్రయితే సగం బెంగళూరు మన యలహంక మీదుగానే స్కందగిరికి, నంది కొండకు బయల్దేరుతుంది.

2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకు కుమార పర్వతం దారిలో వేలమంది ఒకేసారి చేరినారు. ఆ వీడియోలు మన ఫోన్లకూ వచ్చినవి. దాని తర్వాతే కర్ణాటక అటవీశాఖ ఆన్‌లైన్ బుకింగ్ లేని చోట్ల చారణ ఆపేసింది. (చారణ అంటే ట్రెక్కింగ్. కన్నడ మీడియంలో చదివినవాణ్ణి, ఆ మాటే ముందు నోటికొస్తుంది.) అదే ఏడు అక్టోబరులో 'అరణ్య విహార' అనే వెబ్‌సైట్ పెట్టి, ఒక్కో దారికి రోజుకు 300 మంది అని లెక్క కట్టింది.

ఆ లెక్క న్యాయమే. మన చుట్టుపక్కల కొండల్లో ఎండాకాలం గడ్డి అంతా ఎండి ఉంటుంది, ఆరని నిప్పురవ్వ ఒక్కటి చాలు. అందుకే రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1963 కర్ణాటక అటవీ చట్టం ప్రకారం నేరం. రాత్రిపూట సంగతి తిరుమలకు నడిచిపోయే మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకున్నాక, 15 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 దాటితే పంపడం ఆపినారు. దేవుడి దారికే వేళలు పెట్టినప్పుడు అడవికి వద్దంటే ఎట్ల?

ఇంక పద్ధతి సంగతి. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అన్నీ ఉన్న మనిషికి ఏ సైటైనా పనిచేస్తుంది. ఏదో ఒకటి లేని మనిషి వస్తే ఏమవుతుందో చూడటమే మా పని. బటన్ ఫోన్ ఉన్న అవ్వ, ఓటీపీ అంటే తెలియని తాత, ఆ కొండ కిందే పుట్టి పెరిగిన రైతు, వీళ్లు ఏం చేయాలి? అడవి ప్రభుత్వానిది అంటే వాళ్లది కూడా కదా!

అందుకే నేను అడిగేది ఒకటే. 300 అట్లే ఉండనీ. అందులో ఒక 50 టికెట్లు ఆ కొండ కింది ఊర్లలోని గ్రామ వన్ కేంద్రాల్లో చేతికి ఇవ్వండి. కరెంటు బిల్లు కట్టే చోట కొండ టికెట్ ఇవ్వలేరా?

మన వంతు కూడా ఉంది. వచ్చే కార్తీకానికి ప్లాస్టిక్ ప్లేట్లు మానేసి ముత్తుగాకు విస్తర్లు తీసుకపోదాం, తిన్నాక ఎంగిలాకుతో సహా అంతా ఇంటికే తెచ్చుకుందాం. అట్ల చేసి చూపిస్తే, మనం అడిగే 50 టికెట్లకు విలువుంటుంది.