పెరట్లో చేపల తొట్టి, పక్కనే కూరమడి

చేపల నీటితో కూరగాయలు పండించే పద్ధతి, అదే ఆక్వాపోనిక్స్, గురించి ఈ మధ్య సంఘం ఆఫీసులో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అంతా ఫోన్లలో తిరిగే వీడియోల పుణ్యం. కొందరు ఏకంగా లక్షల రూపాయల కొటేషన్ కాగితాలు పట్టుకొని వస్తున్నారు. మట్టి లేదు, ఎరువు లేదు, నీళ్లు పదో వంతు చాలు, చేపలూ కూరగాయలూ మేమే కొంటాం అని ఆ కాగితాల్లో రాసి ఉంటుంది. ఈ మాటల్లో కొంత నిజం ఉంది. అందుకే జాగ్రత్త అవసరం. అచ్చంగా అబద్ధమైతే రైతు అంత తేలిగ్గా నమ్మడు.

ముందు నిజమేమిటో చూద్దాం. చేప మేత తిని నీటిలోకి అమ్మోనియా వదులుతుంది. అది పేరుకుంటే చేపకే విషం. ఆ నీటిని కంకర నింపిన మడిలోకి ఎక్కిస్తే, రాళ్లను పట్టుకొని పెరిగే సూక్ష్మజీవులు అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మొక్కకు నత్రజని. మొక్క దాన్ని తీసుకున్నాక నీరు మళ్లీ తొట్టిలోకి దిగుతుంది. చేలో యూరియా చల్లితే మట్టిలో జరిగేదీ ఇలాంటిదే, ఇందులో మనకు కొత్త విద్య ఏమీ లేదు. అమెరికా వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రకోసీ బృందం 1980 దశకం నుంచి దీని మీద పనిచేసింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న యూనిట్ల కోసం ఒక పెద్ద పుస్తకమే వేసింది. మేము కింద చెబుతున్న లెక్కలు అలాంటి చిన్న యూనిట్లకు సరిపోయేవే.

పెరట్లో మొదలుపెట్టేవాళ్లకు 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, దాని పక్కన ఒక నులక మంచమంత మడి చాలు. అంటే సుమారు 2 చదరపు మీటర్లు, అడుగు లోతు. ట్యాంకు పాతదైనా ఫరవాలేదు గానీ పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము ఎంత చవకగా వచ్చినా వద్దు. మడిలో 20 ఎం.ఎం. కంకర పోయాలి. గుప్పెడు కంకర మీద వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు, అది నీటి ఉదజని సూచికను పెంచేస్తుంది. ఇంకో మాట. ఆ కంకరే దాదాపు 900 కిలోలు తూగుతుంది, నీరు చేరితే టన్ను దాటుతుంది. వీడియోల్లో మేడ మీద పెట్టి చూపిస్తున్నారు. మన పాత దాబాల మీద అది పెట్టే ధైర్యం మాకు లేదు. నేల మీద, ఇటుకల దిమ్మె మీద, నీడ పడే చోట పెట్టండి.

గంట ఆకారపు సైఫన్ అంటూ చూపించేది చూడముచ్చటగా ఉంటుంది గానీ కొత్తవాళ్లను సతాయిస్తుంది. దాని బదులు మడిలో ఒక పొంగు గొట్టం నిలబెట్టి, దాని అడుగున చిన్న రంధ్రం పెట్టి, పంపుకు టైమరు తగిలిస్తే పని జరిగిపోతుంది. పావుగంట ఎక్కించాలి, ముప్పావుగంట ఆపాలి.

అందరూ తొందరపడేది ఇక్కడి నుంచే. ట్యాంకు నింపిన రోజే చేపపిల్లలు తెచ్చి వదిలితే వారం పది రోజుల్లో తేలిపోతాయి. కంకరలో సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బోరు నీరైనా, కుళాయి నీరైనా ఒకటి రెండు రోజులు గాలి ఆడించి, రోజూ చిటికెడు చేప మేత వేసి కుళ్లనివ్వాలి. అక్వేరియం దుకాణాల్లో దొరికే పరీక్ష కిట్టుతో చూస్తే ముందు అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైటు పెరుగుతుంది. ఆ రెండూ సున్నాకు దిగి నైట్రేటు కనబడిన రోజు చేపలు వదలండి. ఉదజని సూచిక 7కు అటూ ఇటూగా ఉంటే చేపకూ మొక్కకూ సూక్ష్మజీవికీ సర్దుబాటు అవుతుంది. మన బోర్లలో చాలావాటి నీరు అంతకంటే ఎక్కువే చూపిస్తుంది. అలాంటి నీటిలో, పైగా ఎండాకాలంలో, అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. వాన నీరు పట్టి కలుపుకోగలిగితే మేలు.

ఏ చేప వేయాలి? బొచ్చె, శీలావతి చెరువు చేపలు, ట్యాంకులో ఎదగవు. తిలాపియా ఎలాంటి నీటిలోనైనా బతుకుతుంది. అయితే దాని పెంపకానికి మత్స్యశాఖ అనుమతి తీసుకోవాలి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా రకం చెరువుల్లోకి పాకి ఏం చేసిందో మన మత్స్యకారులను అడిగితే చెబుతారు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ నిషేధంలో ఉంది, ఎవరు పిల్లలిస్తామన్నా తీసుకోవద్దు. మా ఓటు కొర్రమీనుకు. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయినా తట్టుకుంటుంది. కాకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది, ఎగిరి బయట పడుతుంది. గుళిక మేతకు అలవాటుపడిన, ఒకే సైజు పిల్లల్ని తెచ్చి ట్యాంకు మీద వల బిగించాలి.

మడిలో మొదట పాలకూర, తోటకూర, బచ్చలి, పుదీనా వేయండి. టమాట, మిరప ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చు. ఆకులు పసుపెక్కితే ఇనుము లోపం అయి ఉండవచ్చు. చేప మేతలో మొక్కకు సరిపడా ఇనుము, పొటాష్ ఉండవు. ఎరువే అక్కరలేదన్న మాట అంత నిజం కాదని అప్పుడు తెలుస్తుంది. పురుగు పట్టిందని మందు కొట్టారో, చేపలు పోతాయి. వేపనూనె కూడా నీటిలో పడకూడదు. పక్కనే పత్తి చేనో మిరప తోటో ఉండి గాలికి మందు తుంపర వచ్చే ఇళ్లవాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ఇక రాబడి. ఆకుకూర మడి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత తాలూకు వ్యర్థాన్ని పీల్చుకుంటుంది. మంచమంత మడికి రోజుకు 80, 100 గ్రాములు. దానికి మించి మేత వేస్తే నీరు చెడుతుంది. ఆ మేతతో ట్యాంకులో ఉండగలిగేది పది కిలోల లోపు చేప. ఆరు నెలలకు ఏడెనిమిది కిలోల చేప, ఇంటికి సరిపడా ఆకుకూర చేతికొస్తే బాగా చేసినట్టే. దీన్ని ఏ ధరతో గుణించి చూసినా లక్షల పెట్టుబడి తిరిగిరాదు.

కరెంటు లెక్క ఏ కొటేషన్‌లోనూ ఉండదు. 40 వాట్ల పంపు, 20 వాట్ల గాలి మోటారు రాత్రింబవళ్లు తిరిగితే నెలకు 43 యూనిట్లు. పంపును టైమరు మీద పెడితే 22 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న ఇల్లు, ఈ తొట్టి వల్ల ఆ గీత దాటిందంటే మొత్తం బిల్లు కట్టాలి. తొట్టి కట్టేముందు పాత బిల్లులు తీసి చూసుకోండి. నీటి ఆదా మాత్రం నిజం. తిరిగిన నీరే తిరుగుతుంది, ఆవిరైన మేరకు రోజుకు పది ముప్పై లీటర్లు కలుపుకోవాలి, మన ఎండలకు ఇంకాస్త. అయినా మేతలో పడే సోయా చెక్క ఏ ఆదిలాబాద్ చేలోనో వాన నీటితో పండినదే గదా, ఆ నీటిని ఎవరూ లెక్కలో రాయరు.

లక్షల యూనిట్లు, తిరిగి కొనే ఒప్పందాలు అన్న మాట వినగానే మాకు ఈము పక్షులు గుర్తొస్తాయి. పిల్లలు మేమిస్తాం, గుడ్లు మేమే కొంటాం అన్న కంపెనీలు 2012 ప్రాంతంలో చేతులెత్తేశాక, ఆ పక్షుల్ని మేపలేక, అమ్ముకోలేక మన రైతులు పడ్డ పాట్లు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అప్పు తెచ్చి, భూమి కుదువబెట్టి ఇలాంటి యూనిట్ పెట్టవద్దని సంఘం గట్టిగా చెబుతోంది. మద్దతు ధర రాని రైతుకు పెరట్లో తొట్టి దారి చూపదు. ఆ పోరాటం వేరు, అది సాగుతుంది.

అయితే కూలి కుటుంబాలకు, సెంటు భూమి లేని కౌలుదార్లకు, పెరడు మాత్రమే ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుందని మేము అనుకుంటున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. వాళ్ల కంచంలోకి వారానికోసారి చేప, రోజూ ఆకుకూర వస్తే చిన్న విషయం కాదు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సబ్సిడీ ఉంది. మిగతా వాటా లక్షల్లో పెట్టగలిగినవాళ్లే పెద్ద ట్యాంకుల యూనిట్లకు ముందుకొస్తున్నారు. మంచమంత మడికి కూడా ఆ సబ్సిడీ వర్తింపజేయాలని, డ్వాక్రా సంఘాల ద్వారా ఇవ్వాలని, రైతు వేదికల్లో, రైతు సేవా కేంద్రాల్లో నీటి పరీక్ష ఉచితంగా చేయాలని మేము కోరుతున్నాం. జిల్లా మత్స్యశాఖ అధికారులకు ఇచ్చే వినతిపత్రంలో ఈ మూడూ చేరుస్తాం.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు తొలకరి పడి ఎండ తగ్గేదాకా ఆగండి. వాన నీరు కూడా దొరుకుతుంది. ఈలోగా కొటేషన్లు ఉన్నవాళ్లు సంతకం పెట్టకముందే వచ్చే మండల సమావేశానికి తీసుకురండి. పది మందిమి కూర్చుని లెక్క వేసి చూద్దాం.