అన్నయ్య చెప్పాడని కొనకండి



క్రిప్టో పాపమా కాదా అని మన యౌవనస్థులు అడుగుతున్నారు. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: దానిని మనము ఎవరి మాట మీద కొంటున్నాము?

బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. బ్యాంకు లేకుండా వేలాది కంప్యూటర్లు కలిసి ఒకే లెక్కల పుస్తకము రాసుకునే పద్ధతి అది. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2021 నవంబరుకు ఒక్క బిట్‌కాయిన్ ధర సుమారు 69,000 డాలర్లయింది. ఏడాది తిరిగేసరికి 16,000 దగ్గరకు పడిపోయింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. 2025 అక్టోబరులో ఇంకా పైకి వెళ్లి, నవంబరులో మళ్లీ 90,000 కిందికి దిగింది.

ఎందుకింత ఊగిసలాట? పొలము పంటనిస్తుంది, గేదె పాలిస్తుంది, ఇల్లు అద్దె తెస్తుంది. బిట్‌కాయిన్ ఏమీ ఈనదు. తరువాత కొనేవాడు ఎంత ఇస్తే అదే దాని ధర. మొత్తము 2.1 కోట్లకు మించి పుట్టవు కాబట్టి విలువ పెరుగుతుందంటారు. నిజమే, కానీ కొనేవాడు ఉన్నంతవరకే.

2022లో కూలిన వాటిని చూడండి. టెర్రా అనే నాణెము ఎప్పుడూ ఒక డాలరుకు సమానమన్నారు. దాచుకుంటే ఏడాదికి 20 శాతము దాకా వడ్డీ అన్నారు. దానికి ఆధారము వాళ్లే పుట్టించిన లూనా అనే మరో నాణెము. మే నెలలో జనము ఒక్కసారిగా అమ్ముకోబోతే కొద్ది రోజుల్లోనే రెండూ కుప్పకూలాయి. నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజి దివాలా తీసింది. ఖాతాదారుల సొమ్మును వేరే వ్యాపారానికి మళ్లించిన నేరానికి దాని స్థాపకుడు సామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌కు 2024 మార్చిలో 25 ఏళ్ల శిక్ష పడింది.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి. అమెరికాలోని డెన్వర్‌లో ఒక పాస్టరు, ఆయన భార్య ఇండెక్స్‌కాయిన్ అనే నాణెమును విశ్వాసులకు అమ్మారు. దేవుడే చెప్పాడన్నారు. 300 మందికి పైగా దాదాపు 32 లక్షల డాలర్లు ఇచ్చారనీ, అందులో కనీసము 13 లక్షలు దంపతుల సొంతానికి వెళ్లాయనీ, ఆ నాణెమునకు విలువే లేదనీ కొలరాడో అధికారులు 2024 జనవరిలో కేసు వేశారు.

ఆ 300 మంది అత్యాశాపరులని మేము అనము. వాళ్లు నమ్మినది నాణెమును కాదు, కాపరిని. సంఘములో ఒకరినొకరు నమ్ముకోవడము మన ఆస్తి. మోసగాడు మొదట దోచేది దానినే. మన ఊళ్లో చీటీ పాడేవాడు ఎగ్గొడితే అతని గుమ్మము ముందు కూర్చుంటాము. ఈ నాణెములు అమ్మినవాడి గుమ్మము ఎక్కడుంది?

కాబట్టి మా అభిప్రాయము సూటిగా చెబుతున్నాము. ప్రార్థన గ్రూపులో, ఆరాధన తరువాత, ఎవరూ దీనిని అమ్మకూడదు. పాస్టరు అమ్మినా కొనకండి. బంగారము తాకట్టు పెట్టి, సంఘము లోను తీసి, అమ్మాయి పెళ్లి సొమ్ము తీసి ఇందులో పెట్టకండి. లాభము వస్తే ప్రభుత్వము 30 శాతము పన్ను తీసుకుంటుంది. ఒక నాణెములో వచ్చిన నష్టాన్ని మరో నాణెము లాభములో తగ్గించుకోనివ్వదు. ఈ లెక్క యూట్యూబులో ఎగిరెగిరి చెప్పేవారు చెప్పరు.

దీని భవిష్యత్తు ఎవరికీ తెలియదు. 2024లో అమెరికా బిట్‌కాయిన్ ఫండ్లను స్టాకు మార్కెట్లోకి అనుమతించింది. 2021లో దానిని చట్టబద్ధమైన డబ్బుగా చేసిన ఎల్ సాల్వడార్, 2025లో దుకాణదారులు తప్పక తీసుకోవాలన్న నియమాన్ని తీసేసింది. అది నిలవవచ్చు, నిలవకపోవచ్చు. గోపురము కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పినది మనకు తెలుసు. లెక్కకు అందని దాని మీద ఇంటిల్లిపాది బ్రతుకు పెట్టకూడదు.

ఇప్పటికే పోగొట్టుకున్నవారు మనలో ఉంటే, దాచుకుని కుమిలిపోకండి. ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. చెప్పలేకపోతే మా దగ్గరకు రండి, కలిసి వెళ్లి చెబుదాము. పోయిన డబ్బు తిరిగి రాకపోవచ్చు. మీరు మాత్రము మాకు కావాలి.