వేళకు వచ్చు సరకు

మా తొమ్మిదవ తరగతిలో చదువు నొక బాలుడు ఈ సంవత్సరము నెలకు రెండు మూడు మారులు మొదటి పీరియడునకు ఆలస్యముగా వచ్చుచుండెను. పిలిచి కారణ మడిగితిని. వాని తండ్రికి బాలానగరులో నాలుగు లేతు మిషనులు గల చిన్న వర్క్‌షాపు కలదు. పెద్ద కంపెనీ యొకటి ఆయనచే ఇనుప బుషులు చేయించుకొనును. ఆ కంపెనీవారు తమ గిడ్డంగిలో సరకు నిలువ యుంచరు. రేపటి యుదయము ఎనిమిది గంటలకు కావలసినది నేటి రాత్రి పది గంటలకు ఫోనులో తెలుపుదురు. ఆ రాత్రులందు కుటుంబ మంతయు మేలుకొని బుషులు తుడిచి, లెక్కించి, పెట్టెలలో సర్దవలయును. "మా నాయన సరుకు టైముకు పోయింది సార్, నేనే టైముకు రాలే" అని వాడు నవ్వుచు చెప్పెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఈ పద్ధతికి 'జస్ట్ ఇన్ టైమ్' అని పేరు. కావలసిన వస్తువు, కావలసినంత, కావలసిన వేళకే రావలయును. ముందుగా వచ్చి పడియుండరాదు. జపాను దేశమున టొయోటా మోటారు కంపెనీని స్థాపించిన కీచిరో టొయోడా 1930 దశకముననే ఈ యూహ చేసెను. యుద్ధానంతరము దానిని పద్ధతిగా నిలిపినవాడు తాయిచి ఓనో యను ఇంజనీరు. అప్పుడు ఆ దేశమున ధనము కొరత, స్థలము కొరత. అమెరికాలోని సూపర్ మార్కెట్టులలో కొనువారు తీసికొన్నంత మేరకే అరలు మరల నింపు విధానము ఓనో మనస్సు నాకర్షించెను. తన కర్మాగారమున ప్రతి పెట్టెకు నొక చీటీ కట్టించెను. దానినే వారు 'కాన్‌బాన్' అందురు. పెట్టెలోని సరకు వాడగనే చీటీ వెనుకకు పోవును. ఆ చీటీయే క్రొత్త ఆర్డరు. చీటీ రానిదే ఎవరును ఏమియు చేయరాదు.

ఇందలి మేలు కాదనరానిది. హాస్టలు కొట్టులో ఆరు నెలల బియ్యము కొని పెట్టినచో, అడుగు బస్తాకు పురుగు పట్టిన సంగతి ఆరవ నెలలో గాని తెలియదు. ఏ పూటకాపూట మోండా మార్కెట్టులో కూర కొను ఇల్లాలు పుచ్చు వంకాయను ఆ పూటనే కనిపెట్టును. కర్మాగారమునను అంతే, నిలువ తగ్గినకొలది తప్పు త్వరగా బయటపడును.

మన తెలుగునాట దీనిని చూడదలచినవారు పెనుగొండ చెంత ఎర్రమంచి కడ నున్న కియా కార్ల కర్మాగారమును తలచుకొనవచ్చును. అచట 2019లో కార్లు తయారగుట మొదలయ్యెను. ఏటికి 3 లక్షల కార్లు చేయు శక్తితో దానిని కట్టిరి. బాలబాలికలారా, లెక్క వేయుడు: ఏటికి 300 పనిదినము లనుకొన్నచో దినమునకు వేయి కార్లు, స్పేరు చక్రమును విడిచినను 4,000 చక్రములు. పది దినముల నిలువ పెట్టవలెనన్న 40,000 చక్రములకు చోటు కావలయును. విడిభాగములు చేయు కంపెనీలు పెక్కు ఆ చుట్టుపట్లనే ఏల వెలసినవో ఈ లెక్కయే చెప్పును.

అయినను నిలువలేని యింట ఒక్క బండి ఆలస్యమైనచో పొయ్యి యారును. 1997 ఫిబ్రవరి 1న జపానులో ఐసిన్ కంపెనీ కర్మాగార మొకటి కాలిపోయెను. బ్రేకులలోని ఒక చిన్న వాల్వు అచటనే తయారగుచుండెను. టొయోటా కడ దాని నిలువ కొన్ని గంటలకు మాత్రమే చాలినది. కార్ల ఉత్పత్తి దినములకొలది నిలిచిపోయెను. తుదకు కుట్టుమిషనులు చేయు కంపెనీ సైతము ఆ వాల్వులు చేసి యిచ్చెను. 2011 మార్చి భూకంపము పిమ్మట టొయోటావారే చిప్పులను కొన్ని నెలలకు సరిపడ నిలువ పెట్టుడని తమకు సరఫరా చేయువారిని కోరిరి. అందుచేత 2021లో చిప్పుల కరవు వచ్చినపుడు ఇతరులకంటె ఎక్కువ కాలము తట్టుకొనిరి. పద్ధతిని కనిపెట్టినవారే దానికి హద్దు గీసికొనిరి. మనవారికి హద్దు మాత్రము కనబడదు.

కార్లు నిలిచిన నష్టము ధననష్టము. అన్నియు నట్లు కావు. 2021 ఏప్రిల్ 23న మన చేరువనున్న బేగంపేట విమానాశ్రయము నుండి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను వాయుసేన విమానములలో భువనేశ్వరమునకు పంపిరి. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రికి రావలసిన ట్యాంకరు ఆలస్యమై ఆక్సిజన్ పీడనము తగ్గిపోయెను; ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది మరణించిరి. ఎడారిలో మన్నాను ఏనాటి కానాడే ఏరుకొనుడని ఆజ్ఞ. ఐగుప్తులో యోసేపు పంటలో అయిదవ వంతును కొట్లలో దాచించెను. రెండు కథలును ఒకే గ్రంథమున నున్నవి. ఏది చక్రమో, ఏది ఊపిరియో ఎరిగి నడచుకొనవలయును.

ఇక ఆ బాలుని సంగతి. పెద్ద కంపెనీలలో పనిచేయు తలిదండ్రులు కొందరు, పోటీలో నిలువవలెనన్న ఇట్లే చేయక తప్పదందురు. కొంత నిజమే. కాని ఓనో పద్ధతికి పునాది చీటీ కాదు, పనిని దినదినమునకు సమముగా పంచుట. సోమవారము నూరు, మంగళవారము వేయి అడిగినచో ఏ చిన్న వర్క్‌షాపును నిలువజాలదని ఆయన ఎరుగును. మన కంపెనీలు కొన్ని పునాదిని విడిచి, రాత్రి ఫోనును మాత్రమే నేర్చుకొన్నవి. అంతట నిలువ మాయమగునా? పెద్ద గిడ్డంగి నుండి చిన్న వర్క్‌షాపు అటుకమీదికి ఎక్కును. అచట చోటు చాలనిచో కుటుంబము నిద్రలోనికి పోవును. పైకము సంగతియో? చిన్న పరిశ్రమలకు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ గడువైనను దాటుచున్నదని ఆ తండ్రి నాతో ననెను. సరకునకు గడువు గంటలలో, సొమ్మునకు నెలలలో! వారము ముందుగా ఆర్డరు తెలిపి, గడువులో పైకము చెల్లించుట వేళ నెరిగిన కంపెనీకి కష్టము కాదు.

ఫోను వచ్చిన రాత్రి మరునాడు ఆ బాలుడు ఆలస్యముగా వచ్చినను హాజరు వేయుటకు మా ప్రధానోపాధ్యాయులు అంగీకరించిరి. ఫోను మాత్రము ఇంకను రాత్రి పది గంటలకే వచ్చుచున్నది.