ఈ-రీడర్ కొనే ముందు కళ్లు చూపించుకోండి



క్రిస్మస్ పండుగకు బెంగళూరు నుండి వచ్చే పిల్లలు అమ్మానాన్నలకు తెచ్చే కానుకలలో చీరలు, స్వెటర్లతో పాటు ఇప్పుడు చదువుకొనే పరికరాలు కూడా చేరాయి. ఒకరు ఈ-రీడర్ తెస్తారు, ఒకరు టాబ్లెట్ తెస్తారు. "నాన్నకు బైబిలు అక్షరాలు కనిపించడం లేదు, ఏది కొంటే మంచిది?" అని అడుగుతారు. అడగవలసిన మాటే. కాని అంతకు ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. నాన్నకు అక్షరాలు ఎందుకు కనిపించడం లేదు?

కంటి సంగతి తెలియకుండా పరికరం ఎంచుకోవడం, పాదం కొలవకుండా చెప్పులు కొనడం లాంటిదని మా అభిప్రాయం.

ముందు కన్ను

నలభై ఏళ్లు దాటితే చత్వారం రావడం సహజం. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. ధర్మవరంలో పట్టుమగ్గం ముందు కూర్చొనేవారికి తెగిన పోగు దొరకదు. హిందూపురం అంగడిలో లెక్కలు రాసేవారికి అంకెలు అలుక్కుపోతాయి. దీనికి వేల రూపాయల పరికరం అక్కరలేదు. పరీక్ష చేయించుకొని తగిన అద్దాలు పెట్టుకుంటే చాలు.

అన్నీ చత్వారమే కావు. శుక్లం వస్తే చూపు మసకబారుతుంది, దీపం చుట్టూ వెలుగు చెదురుతుంది. షుగరు వ్యాధి కంటి వెనుక పొరలోని రక్తనాళాలను దెబ్బ తీస్తుంది. నీటికాసులు నొప్పి లేకుండానే పక్కచూపును తినివేస్తాయి. శుక్లాన్ని ఆపరేషన్‌తో తీసివేయవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

మా ఆందోళన ఇక్కడే. తెర మీద అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. ఈ ఏడు కొంచెం పెంచుతారు, వచ్చే ఏడు ఇంకొంచెం పెంచుతారు. చదువు సాగుతూనే ఉంటుంది కాబట్టి జబ్బు ముదురుతున్న సంగతి తెలియదు. అచ్చు పుస్తకమైతే కనిపించనప్పుడు కనిపించలేదని చెప్పేస్తుంది. అక్షరం పెంచుకోవడం సౌకర్యమే గాని వైద్యం కాదు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. చదివే అద్దాలు పెట్టుకొని, ఒక కన్ను అరచేతితో మూసి రెండో కంటితో చదవండి. తరువాత కన్ను మార్చండి. మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని దాచిపెడుతుంది, అందుకే రెండూ వేరువేరుగా చూసుకోవాలి. తేడా ఉన్నా, తిన్నని గీతలు వంకరగా కనిపించినా ఆలస్యం చేయకండి. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి కంటిలో మందు వేయించుకొని లోపలి పొర చూపించుకోవాలి.

2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన ప్రభుత్వ కంటి వెలుగు కార్యక్రమంలో ముందు బడిపిల్లలకు, 2020లో అవ్వాతాతలకు పరీక్షలు జరిగాయి. అప్పుడు తీసుకున్న అద్దాలతోనే ఇప్పటికీ నెట్టుకొస్తున్నవారు మళ్లీ ఒకసారి చూపించుకోవాలి. ఈలోగా నంబరు మారి ఉంటుంది.

తరువాత తెర

ఈ-రీడర్ తెరలో నలుపు, తెలుపు రేణువులు విద్యుత్తుతో కదిలి అక్షరాలవుతాయి. కాగితంలాగే బయటి వెలుతురులో కనిపిస్తాయి. మన ఎండలో అరుగు మీద కూర్చొని చదవడానికి ఫోను కంటే ఇదే నయం. రాత్రి చదివేవారు ముందు భాగంలో దీపం ఉన్నది చూసుకొని కొనాలి. చార్జింగ్ చాలా రోజులు నిలుస్తుంది కనుక కరెంటు పోయినా చింత లేదు.

ఫోను, టాబ్లెట్ తమ వెలుగుతో తామే కనిపిస్తాయి. వాటి నీలికాంతి కంటిని పాడు చేస్తుందని చాలామంది భయపడతారు. అందుకు ఆధారం లేదని అమెరికా కంటి వైద్యుల అకాడమీ చెబుతోంది. నిజమైన ఇబ్బంది వేరు. తెర చూస్తూ మనం రెప్ప వేయడం తగ్గిస్తాం, కళ్లు ఎండిపోయి మండుతాయి. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరం ఇరవై సెకండ్లు చూడండి. ఏ పరికరమైనా ఈ నియమం మారదు. వెలుగు చెదిరి బాధపడేవారికి నల్లని తెర మీద తెల్లని అక్షరాలు హాయిగా ఉండవచ్చు.

మన తెలుగు సంగతి

ఇంగ్లీషు అక్షరాన్ని చూసి పరికరం కొనకండి. మన అక్షరానికి కింద వత్తు, పైన గుడి ఉంటాయి. అదే సైజులో ఇంగ్లీషు తేలికగా చదివే కన్ను తెలుగు దగ్గర తడబడుతుంది. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి మీరు చదవదలచిన తెలుగు పుస్తకం అందులో దొరుకుతుందా, వత్తులు సరిగా పడుతున్నాయా అని కొనక ముందే చూసుకోండి.

చదివే అలవాటు కూడా ముఖ్యం. గంటల తరబడి ఇంగ్లీషు నవలలు, వ్యాఖ్యాన గ్రంథాలు చదివేవారికి ఈ-రీడర్ సరిపోతుంది. పాత తెలుగు పుస్తకాలు ఫోటో తీసిన పేజీలుగా దొరుకుతాయి. వాటిలో అక్షరం పెంచితే పేజీ పక్కకు జరిగిపోతుంది కనుక పది అంగుళాల టాబ్లెట్ కావాలి. ఉదయం, రాత్రి ఒక్కో అధ్యాయం వాక్యము చదివేవారికి ఇంట్లో ఉన్న ఫోనులోని తెలుగు బైబిలు చాలు. లేదా పెద్ద అక్షరాల అచ్చు బైబిలు చాలు. చికిత్స తరువాత కూడా చూపు తక్కువగా ఉన్నవారు విని ఆనందించవచ్చు. తెలుగు ఆడియో బైబిలు ఉంది, ఫోను తెలుగును చదివి వినిపిస్తుంది కూడా.

పిల్లలకు మా మనవి ఒక్కటే. పండుగకు వచ్చినప్పుడు అమ్మానాన్నలను ముందు కంటి వైద్యుల దగ్గరకు తీసుకురండి. కొత్త అద్దాలు పెట్టించిన తరువాత, వారి చేతికే పరికరం ఇచ్చి, వారు ఇష్టపడే తెలుగు పేజీని వారినే చదవమనండి. అప్పుడు కొనండి.