గేటు బయట నిలబడ్డ తారీఖు

ఓఓపీ ల్యాబ్ వైవాలో "స్టాటిక్ మెథడ్ అంటే ఏంటి?" అని అడిగితే మనందరిదీ ఒకటే జవాబు: ఆబ్జెక్ట్ లేకుండా క్లాస్ పేరుతో పిలవొచ్చు. మార్కులు పడిపోతాయి. దాన్ని టెస్ట్ చేయాల్సి వస్తే ఏమవుతుందో ఎవరూ అడగరు. నాకు అది నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటు వల్ల తెలిసింది.

ఎండాకాలం సెలవుల్లో ఉప్పల్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. ఐదుగురం, ఒక ఏసీ, కింద టిఫిన్ సెంటర్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీకి కాంట్రాక్ట్ లేబర్ గేట్‌పాస్‌ల సాఫ్ట్‌వేర్ వాళ్ళదే. కార్డు పెడితే, ఇవాళ్టి తారీఖు పాస్ గడువులో ఉందో లేదో చూసి గేటు తెరవాలి. అంతే. ఆ ఒక్క మెథడ్‌కి యూనిట్ టెస్టులు రాయడం నా పని.

మెథడ్ లోపల లోకల్‌డేట్.నౌ() అని ఉంది. స్టాటిక్ కాల్. దాన్ని అలాగే వదిలేస్తే ఇవాళ పాసైన టెస్ట్ వచ్చే నెల ఫెయిలవుతుంది. అదే మామూలు ఆబ్జెక్ట్ అయితే దాని స్థానంలో నకిలీది ఇస్తాం, మిగతాది పాలీమార్ఫిజం చూసుకుంటుంది. స్టాటిక్‌ని ఓవర్‌రైడ్ చేయలేం. ఏ క్లాసులో ఏ మెథడ్ అన్నది కంపైల్ అయినప్పుడే రాసిపెట్టేసి ఉంటుంది. ఒకప్పుడు దీనికి పవర్‌మాక్ వాడేవాళ్ళు. 2020లో మాకిటో 3.4తో మాక్‌స్టాటిక్ వచ్చింది. అది ఏకంగా క్లాస్ బైట్‌కోడ్‌నే మార్చేస్తుంది. ట్రై బ్లాక్ తెరువు, నౌ() అంటే జూన్ 1 అని చెప్పు, అయిపోయింది. (నాకు అయిపోలేదు. అదే బ్లాక్ లోపల లోకల్‌డేట్.ఆఫ్ పిలిస్తే నల్ వచ్చింది. క్లాసు మొత్తం మాక్ అయిందని తెలుసుకోవడానికి సగం రోజు పట్టింది.)

టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. కవరేజ్ చూసి అన్న "సూపర్ రా" అన్నాడు.

జూన్ 1. ఆ ఫ్యాక్టరీలో మూడో షిఫ్ట్ రాత్రి పన్నెండున్నరకి మొదలవుతుంది. కొత్త పాస్‌లు ఆ రోజు నుంచే. పది మంది దాకా కార్డులు పెట్టారు, గేటు తెరుచుకోలేదు. సెక్యూరిటీ అంకుల్ కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదట. కాసేపు చూసి వెళ్ళిపోయారు. ఒక రాత్రి కూలి పోయింది.

లోకల్‌డేట్.నౌ() ఆ మెషీన్ టైమ్‌జోన్ ప్రకారం తారీఖు ఇస్తుంది. నా ల్యాప్‌టాప్ మన టైమ్‌లో ఉంది, సర్వర్ యూటీసీలో ఉంది. ఇక్కడ జూన్ 1 రాత్రి 12:30 అయితే దానికి మే 31 సాయంత్రం 7 గంటలు. అంటే ప్రతి రాత్రీ ఐదున్నర గంటల పాటు ఆ గేటు నిన్నటి రోజులోనే ఉంది. మే 31తో గడువైపోయిన పాస్‌లకి పొద్దున ఐదున్నర దాకా ఎంచక్కా తెరుచుకుంటుంది కూడా!

నా టెస్ట్ అబద్ధం చెప్పలేదు. తప్పంతా "ఇవాళ ఏ తారీఖు?" అనే ప్రశ్నలో ఉంటే, దానికి జవాబు నేనే నా చేత్తో రాసిచ్చాను. అందుకే మాక్‌స్టాటిక్ మీద నాకు అనుమానం. సులువుగా ఉండడం దాని గొప్ప, అదే దాని ఇబ్బంది కూడా. కోడ్ దేనిమీద ఆధారపడిందో బయటికి తీయాల్సిన చోట, కప్పేసి వెళ్ళిపోనిస్తుంది.

జావా 8లో, అంటే 2014 నుంచే, క్లాక్ అనే క్లాస్ ఉంది. దాన్ని కన్‌స్ట్రక్టర్‌లో ఇచ్చి లోకల్‌డేట్.నౌ(క్లాక్) అని రాస్తే చాలు. టెస్టులో క్లాక్.ఫిక్స్‌డ్ రాయబోతే క్షణంతో పాటు జోన్ కూడా అడుగుతుంది. అక్కడ చెయ్యి ఆగుతుంది: ఏ ఊరి టైమ్? క్లాక్ పెట్టినంత మాత్రాన బగ్ పోదు, నిజమే. సిస్టమ్‌డిఫాల్ట్‌జోన్ అని ఇస్తే మళ్ళీ మొదటికే. కానీ అప్పుడు ఆ తప్పు ఒక్క లైనులో, అందరికీ కనబడే చోట ఉంటుంది.

"పాత కోడ్‌లో రెండొందల చోట్ల స్టాటిక్ ఉంటే అన్నీ మార్చి కూర్చుంటావా?" అన్నాడు అన్న. మైకేల్ ఫెదర్స్ 2004లో లెగసీ కోడ్ మీద రాసిన పుస్తకంలో కూడా, మార్చే ముందు టెస్టుల కిందికి తెచ్చుకోమనే అంటాడు. అక్కడ మాక్‌స్టాటిక్‌ని ఒప్పుకుంటాను. అయితే స్లాబ్ గట్టిపడ్డాక సెంట్రింగ్ కర్రలు తీసేస్తారు కదా. మనవాళ్ళు వాటి మధ్యే కాపురం పెడుతున్నారు. మన మినీ ప్రాజెక్టుల్లో పాత కోడ్ ఎక్కడిది, మొన్న రాసిందేగా? ఇక మ్యాథ్.మ్యాక్స్ లాంటివాటిని కూడా మాక్ చేసేవాళ్ళున్నారు. ఇచ్చినదాన్ని బట్టే జవాబిచ్చేదానికి నకిలీ దేనికో నాకర్థం కాదు.

ఇంటర్న్‌షిప్ చివరి వారంలో క్లాక్ పెట్టి ఇంకో టెస్ట్ రాశాను: యూటీసీలో మే 31, 19:00. జోన్ కోల్‌కతా. గేటు తెరవాలి. తెరిచింది.

ఆ పది మందికి ఆ రాత్రి కూలి ఎవరిచ్చారని అడిగాను. కాంట్రాక్టర్ చూసుకుంటాడన్నారు.