అన్నదమ్ముల కీచులాటలు, మన చప్పట్లు



వేసవి సెలవుల్లో పిల్లలకు కార్టూన్ సినిమాలు వేద్దామన్న మాట ఈసారి కూడా వచ్చింది. వెంటనే అభ్యంతరమూ వచ్చింది. "ఆ సినిమాల నిండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కొట్టుకోవడమే. ఇంట్లో జరిగేది చాలదా, హాలు అద్దెకు తీసుకుని మరీ నేర్పించాలా?" అని. అడిగినవారి బాధ నిజమైనదే. రెండు గదుల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, ఒక్క రిమోట్ ఉంటే సాయంత్రం ఎలా గడుస్తుందో మనలో తెలియనిది ఎవరికి? అయినా ఆ సినిమాలు వెయ్యాలనే మేము అంటున్నాం. పిల్లలను హాల్లో దింపేసి కాఫీకి వెళ్లిపోకుండా పెద్దలూ పక్కన కూర్చుని చూడాలంటున్నాం. వాటిలో మనం నేర్చుకోవాల్సింది పిల్లలకంటే ఎక్కువే ఉంది.

మన ఊరితో సంబంధం ఉన్న సినిమాతోనే మొదలుపెడదాం. 2011లో వచ్చిన డ్రీమ్‌వర్క్స్ వారి 'పుస్ ఇన్ బూట్స్' మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ సంస్థ పనుల కోసం బెంగళూరులోని టెక్నికలర్ స్టూడియోలో ఒక ప్రత్యేక బృందం ఉండేది. ఈ సినిమా తయారీలో ఆ బృందానికి భాగం ఉంది. యానిమేషన్ రంగంలో ఉన్న మన సభ్యులకు ఇది తెలిసిన సంగతే. తెర మీద ఆ బూట్ల పిల్లి కత్తి తిప్పుతున్నప్పుడు, ఇందులో మన ఊరివాళ్ల చెయ్యి కూడా ఉందని పిల్లలకు చెబితే వాళ్ల కళ్లు ఎలా మెరుస్తాయో చూడండి.

కథలోకి వద్దాం. అనాథాశ్రమంలో ఇమెల్డా అనే తల్లి దగ్గర ఒక పిల్లి, ఒక గుడ్డు కలిసి పెరుగుతాయి. ఆ గుడ్డు ఎవరో కాదు, మన పిల్లలు ఎల్‌కేజీలో నేర్చుకునే హంప్టీ డంప్టీయే. ఇద్దరూ ఎప్పటికీ అన్నదమ్ములమేనని ఒట్టు పెట్టుకుంటారు. మంత్రపు చిక్కుడు గింజల కోసం కలిసి వెతుకుతారు. ఒకరోజు ఎద్దు మీద పడబోతున్న ఒక ముసలమ్మను పిల్లి కాపాడుతుంది. ఊరంతా మెచ్చుకుంటుంది. తల్లి బూట్లూ టోపీ ఇచ్చి మురిసిపోతుంది. గుడ్డుకు ఆ మెప్పులో వాటా లేదు. ఇద్దరి దారులూ అక్కడినుంచే వేరవుతాయి. ఆ తర్వాత జరిగే మోసం, పగ, నవ్వించే పరుగులు అన్నీ అక్కడ మొదలైనవే.

ఇందులో తప్పు ఎవరిది? పిల్లి మంచి పనే చేసింది. తల్లి మెచ్చుకోవడమూ న్యాయమే. కానీ అంతమందిలో ఒక్కరూ పక్కనున్న రెండోవాడి ముఖం చూడలేదు. చివరికి ఆ గుడ్డే, సోదరుడు తనను వదల్లేక, ఊరిని కాపాడలేక నలిగిపోతుంటే తానే చెయ్యి వదిలేసి ప్రాణం ఇస్తుంది. అంత ప్రేమ ఉన్నచోటే అంత అసూయా ఉంది. అక్కర్లేనివాడికి దక్కిన మెప్పు చూసి ఎవరు ఏడుస్తారు?

2017లో వచ్చిన 'ది బాస్ బేబీ' ఇదే సంగతిని ఇంకా చిన్న పిల్లల దగ్గరికి తెచ్చింది. ఏడేళ్ల టిమ్ ఇంటికి సూటూ టైతో ఒక తమ్ముడు దిగుతాడు. అమ్మానాన్నల ప్రేమ ఒక పెద్ద కేకు అనీ, ఎవరికో ముక్క వెళితే తన ముక్క తగ్గుతుందనీ ఆ ఇద్దరి దిగులు. పిల్లలకు అందాల్సిన ప్రేమను కుక్కపిల్లలు పట్టుకుపోతున్నాయని బాసుగారికి మరో బెంగ. మనం పడీపడీ నవ్వుతాం గానీ, రెండో కాన్పు తర్వాత మన ఇళ్లలో పెద్దపిల్లాడు మళ్లీ పక్క తడపడం, అన్నం తినిపించమని మొరాయించడం ఆ లెక్కలోంచే వస్తాయి. "నువ్వు పెద్దవాడివి కదా, ఊరుకో" అని మనం ఇచ్చే తీర్పు వాడికి ఊరట ఇవ్వదు. పెద్దవాడు కావడమే వాడికి వచ్చిన కష్టం.

ఈ సినిమా మన భాషలో ఆలోచిస్తే ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషులో 'బ్రదర్' అంటే సరిపోతుంది. మనం మాట్లాడుకునే తెలుగులో అన్న కావాలి, లేదంటే తమ్ముడు కావాలి. పిలుపులోనే వరుస, వరుసలోనే పెద్దరికం. కన్నడ పొరుగువారికీ అంతే: అణ్ణ, తమ్మ, అక్క, తంగి. కాబట్టి తమ్ముడు అన్న మీద పెత్తనం చెలాయిస్తుంటే మన పిల్లలకు వచ్చే నవ్వు రెండింతలు. ఇళ్లలో ఇంగ్లీషు పెరిగి అక్క పోయి పేరు మిగులుతున్న ఈ రోజుల్లో, తెలుగు డబ్బింగ్ దొరికితే దాన్నే వేద్దాం. 2019లో 'ఫ్రోజెన్ 2' తెలుగులో వచ్చినప్పుడు ఎల్సాకు మన బెంగళూరులో పుట్టిన నిత్యా మేనన్, చిన్ననాటి ఎల్సాకు మహేష్ బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. అందులో చెల్లెలి పేరు అన్నా! ఈ ఒక్క తమాషా చాలు, పిల్లలు వరుసల గురించి అరగంట మాట్లాడుకోవడానికి.

ఇదంతా బయటి సరుకు అనుకునేవారికి ఒక మాట. 1957 నాటి 'మాయాబజార్'లో కథను కదిలించేది ఏమిటి? రాజ్యం పోగొట్టుకున్న వారి ఇల్లాలిగా సుభద్ర అన్న బలరాముడి ఇంటికి వస్తే, ఆ ఇంటివారి మాట మారిపోయింది. ఇస్తామన్న పిల్లను ఇవ్వమన్నారు. అన్నాచెల్లెళ్ల మధ్య తగవును తీర్చింది ఘటోత్కచుడి అల్లరి. ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ఘటోత్కచుడి మీదనే యానిమేషన్ సినిమా తీశారు. తోబుట్టువుల కోపాన్ని నవ్వుతో కరిగించడం మనకు తాతల నాటి విద్యే.

ఇక పెద్దల సంగతి. 'బాస్ బేబీ' రెండో భాగం 2021లో వచ్చింది. అన్నదమ్ములిద్దరూ పెద్దవాళ్లయ్యారు. తమ్ముడు పెద్ద కంపెనీకి అధిపతి. అన్న పిల్లలకు ఖరీదైన బహుమతులు పంపుతాడు, తాను మాత్రం రాడు. ఇది చూసి మనలో ఎంతమందికి గుండె కలుక్కుమనదు? పండక్కి అన్నయ్య ఇంటికి పార్సిల్ వెళుతుంది, మనం వెళ్లం. ఊళ్లో ఎకరం పొలం గట్టు దగ్గర మొదలైన మాట ఇక్కడ పదేళ్ల మౌనమై కూర్చుంటుంది. ఆ సినిమాలో వాళ్లను మళ్లీ చిన్నపిల్లలుగా మార్చే మందు ఒకటి ఉంది. మనకు అలాంటి మందు లేదు. ఫోన్ మాత్రం ఉంది.

పోటీ లేకపోతే పిల్లలు ఎదగరని కొందరు అంటారు. బడిలో, ఆటస్థలంలో పోటీ ఉండనివ్వండి. అక్కడ ఓడినవాడు ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో పడుకుంటాడు. ఇంట్లోనే పోటీ పెట్టి అమ్మనే న్యాయనిర్ణేతను చేస్తే, ఓడినవాడు ఎక్కడికి వెళ్లాలి?

అందుకని మా విన్నపాలు మూడు. ఒకటి, ఉగాది వేదిక మీద ఒక పిల్లకు బహుమతి ఇచ్చేటప్పుడు, "అక్కను చూసి నేర్చుకో" అని మైకులో చిన్నదాన్ని అనవద్దు. రెండు, ఈసారి నాటికల్లో తోబుట్టువుల జంటలకు కొంత సమయం ఇద్దాం. ఒక్కరే ఉన్న ఇళ్లవారు పెదనాన్న, పిన్ని పిల్లలతోనో పక్కింటి పిల్లలతోనో జత కట్టవచ్చు. మూడు, సినిమా అయ్యాక పిల్లలను నీతి ఏమిటని అడగకుండా, "నీకు ఎవరి మీద జాలి వేసింది?" అని అడుగుదాం. జవాబులో వాళ్ల ఇంటి సంగతి వాళ్లే చెబుతారు. మనం తొందరపడి సర్దిచెప్పకుండా వినాలి.

సినిమా తేదీ కమిటీవారు త్వరలో చెబుతారు. పిల్లలతో రండి. వీలైతే అదే ఊళ్లో ఉండి ఏడాదిగా కలవని అన్ననో చెల్లెలినో కూడా పిలవండి. కుర్చీలు సరిపోకపోతే చాపలు వేద్దాం.